పొయ్యి ముట్టినంకనే తెంపాలె

మా ముత్తాత గంగారావు పటేల్ ఎడపల్లి పక్కన మూడు ఊళ్లకు మాలీ పటేల్. శిస్తు వసూలు ఆయన చావడిలోనే జరిగేది. ఆయన వచ్చి కూర్చునేదాకా మిగతావాళ్లు నిలబడే ఉండేవారు. ఆయన కొడుకు ముత్యంరావు పటేల్ మా తాత. నిజామాబాద్ కోర్టుకు వెళ్లిన రోజుల్లో దిగడానికని పట్నంలో ఒక ఇల్లే కొని ఉంచాడు. మా బాపు భూంరావు పటేల్ ఆ ఇంట్లో దిగి, ఆ కోర్టుకే తిరిగి, కాలువ కింది భూములను ఒక్కొక్క చెక్కగా వదులుకున్నాడు. ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు వాటిని కొని చెరకు వేశారు. పటేల్‌గిరీని సర్కారే తీసేసింది. ఊళ్లో పెద్దిల్లు కూడా పోయాక నా వాటాకు వచ్చింది పట్నంలోని ఆ కోర్టు ఇల్లు, దాని వెనుక మూడు గుంటల దొడ్డి, దొడ్డిలో ఒక బావి. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం నేను సంపాదించుకున్నది.

వీటితో పాటు ఒక నియమం కూడా వచ్చింది. భాద్రపద అమావాస్యను మా వైపు పెత్రమాస అంటాం. ఆ రోజు పెద్దలకు పెట్టే విస్తరిలో మా వంశంలో తొమ్మిది కూరలు ఉండాలి. తొమ్మిదీ సొంత మన్నులో పండినవే కావాలి. వంశంలో వయసులో పెద్దవాడు వాటిని చెట్టు మీద ఉండగా చూడాలి. ఆ తర్వాతే కోయాలి. ఉప్పూ పప్పూ అంగడి నుంచి రావచ్చు, కూర మాత్రం రాకూడదు. భూములున్నన్నాళ్లు ఇదొక నియమమని ఎవరికీ తోచలేదు. భూములు పోయాక మాకు మిగిలిన పటేల్‌తనమంతా అందులోనే ఉండిపోయింది.

దాన్ని మూడు గుంటల్లో నిలబెట్టిన మనిషి గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు నాకు తెలుసు, రాయను. ఆమె బతికుండగా నేను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, అవ్వా అనే పిలిచాను. పోయాక పేరు బయటపెట్టడం నాకు మర్యాదగా తోచదు.

ఆమె తల్లి మా తాత మోట బావి దగ్గర కూరమళ్లు చూసేది. తల్లి తర్వాత ఆమె. పొట్టి మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, గోచీ పెట్టి కట్టిన చీర, గోళ్ల సందుల్లో ఎప్పుడూ మన్ను. ఊళ్లో ఇంటి సామాను ట్రాక్టరుకు ఎక్కించిన రోజు, బీరువాకూ గంగాళానికీ మధ్య ఒక చిన్న మూటతో ఆమె కూడా ఎక్కి కూర్చుంది. మా బాపుకు ఆ రోజు అసలే మనసు బాగా లేదు.

"నిన్నెవరు రమ్మన్నరు?" అన్నాడు.

"నన్నెవ్వలు రమ్మనలె పటేలా. ఇత్తునాలు పోతున్నయి, ఎంట పోతున్న."

ఆ మూటలో మా కూరమళ్ల విత్తనాలన్నీ ఉన్నాయి. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క గుడ్డముక్క, ఒక్కొక్క తీరు ముడి. ఏ ముడిలో ఏముందో ఆమె వేళ్లకే తెలుసు.

దొడ్డి వెనుక గదిలో దిగింది. మర్నాడే పార పట్టింది. ఆరు నెలలకు ఆ మూడు గుంటల్లో అడుగు పెట్టే చోటు లేదు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. పొయ్యి వెలగనిదే కాయ తెంపేది కాదు. నా పెళ్లయిన కొత్తలో నా భార్య గుమ్మంలో నిలబడి, "అవ్వా, బెండకాయలు తెంపుకొస్తవా?" అంది.

"పొయ్యి ముట్టిందా?"

"ముట్టిస్తలే. ముందు కాయలు తే."

"ముందు పొయ్యి, బిడ్డా. తెంపినంక దాని పానం మన చేతిల ఉంటది. మన పొయ్యి కోసం దాన్ని నిలవెడ్తమా?"

"గ్యాసు ఊరికెనే మండుతది. గ్యాసోళ్లు మనకు చుట్టాలా అవ్వా?"

"బెండకాయ చుట్టమే గదా," అని ఆమె అక్కడే, మొక్క పక్కన, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. లోపల పోపు చిటపటమనే దాకా కదల్లేదు. ఆ శబ్దం వినగానే పచ్చబొట్ల చేతులు మొక్కల మధ్య ఎంత చురుకుగా తిరిగాయో నా భార్య ఇప్పటికీ చెబుతుంది. ఆ పూట బెండకాయ వేపుడు తిని నేను చెయ్యి కడుక్కోకముందే లేచి వెళ్లి ఆమెను అడిగాను, ఇందులో ఏం వేశావని. "ఏమెయ్యలె. ఆలిస్యం ఎయ్యలె," అంది.

మక్కకంకుల కాలంలో ఇంకా చూడాలి. గంజులో నీళ్లు తెర్లుతుంటే నా భార్య కేక వేసేది. అరవై దాటిన మనిషి కంకులు విరిచి కొంగులో వేసుకుని, అక్కడే పొట్టు ఒలుస్తూ దొడ్డికి అడ్డంగా పరుగెత్తేది. ఆ కంకుల తీపి గురించి నేను ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మలేదు. ఒక ఆదివారం ముగ్గురిని ఇంటికి పిలిచాను. ఆ తర్వాత వానాకాలమంతా ఆదివారం మా ఇంటి దారి వెతుక్కోని సహోద్యోగి లేడు.

తినడంలోనూ ఆమెకు ఒక తీరు ఉంది. అందరం తిన్నాక పళ్లెం పట్టుకుని దొడ్డిలోకి వెళ్లేది. ఆ పూట ఏ మొక్క కాయ తింటుందో ఆ మొక్క మొదట్లో మొదటి ముద్ద పెట్టేది. "తిను, నీదే," అనేది. చలికాలంలో నువ్వులపొడి వేసిన చిక్కుడుకాయ కూర, జొన్నరొట్టె. ఎండాకాలం బోధన్ వైపు నుంచి వచ్చిన కొత్త బెల్లం వేసి మగ్గబెట్టిన కాకరకాయ. ప్రతి దాంట్లోనూ మొక్కకు వాటా ఉండేది. మేం తినేటప్పుడు మాత్రం మా మొహాల వైపు చూస్తూ కూర్చునేది. ఎవరైనా మారు అడిగితే ఆమె నడుం కొద్దిగా నిటారయ్యేది. ఆ కదలిక నాకు బాగా తెలుసు. మా తాత అట్లాగే కూర్చునేవాడు.

బజారులో ఎంతమంది ఉన్నా నన్ను "పటేలా" అని గట్టిగా పిలిచేది. ఆ మాట విని నవ్వినవాళ్లు ఉన్నారు. ఆమె ఒక్కసారి కూడా గొంతు తగ్గించలేదు, నేను తగ్గించమనలేదు.

ఇక ఒక ఏటి పెత్రమాస దగ్గరికి వస్తాను.

మా వంశంలో వయసులో పెద్దవాడు మా పెదనాన్న కొడుకు. బాల్కొండలో ఉంటాడు. తన వాటా భూమి మంచి కాలంలో అమ్మి కాంట్రాక్టులు పట్టి పెద్ద బంగళా కట్టాడు. ప్రతి పెత్రమాసకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దొడ్డంతా తిరిగి, తొమ్మిదీ చూసి, తిని వెళ్లేవాడు. అంతకు ముందు ఏడాది తిన్నాక నాతో అన్నాడు: "తమ్మీ, గీ ఇంతంత జాగల ఇంకెన్ని రోజులు తిప్పలు? బాల్కొండల నా ఇంట్ల పెడదాం. మార్కెట్ల దొరకని కూరగాయ ఉన్నదా చెప్పు."

"సొంత మన్నువి దొరకయి అన్నా," అన్నాను.

"ఎన్నేండ్లు పండిస్తవు సూస్త. ఒక్కటి తక్కువైనా వచ్చే ఏడు నుంచి బాల్కొండనే."

"ఒక్కటి తక్కువైతే అట్లనే కానియ్యి," అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

పెద్దలకు ఎవరింట్లో పెడితే అదే వంశానికి పెద్దిల్లు. ఊళ్లో పెద్దిల్లు పోయిన నాటి నుంచి ఈ కోర్టు ఇల్లు పెద్దిల్లుగా నిలిచింది ఈ ఒక్క భోజనంతోనే.

ఆ ఏడు భాద్రపదమంతా వాన. ప్రహరీ గోడ పక్కన నీళ్లు నిలిచి సొరతీగ మొదలు కుళ్లింది. పిందెలు నల్లబడి రాలిపోయాయి. వంకాయ, బెండ, బీర, కాకర, చిక్కుడు, గోరుచిక్కుడు, గుమ్మడి, చామ. ఎన్నిసార్లు తిరిగి చూసినా ఎనిమిదే. కొత్తగా విత్తితే కాసే వ్యవధి లేదు.

అమావాస్య ముందు రోజు నేను జీవితంలో మొదటిసారి కూరగాయల మార్కెట్లో సొరకాయ బేరం చేశాను. నున్నగా, పొడుగ్గా ఉన్న కాయను ఏరి ఆఫీసు సంచిలో పెట్టుకుని వచ్చాను. అవ్వ గదిలో కునుకు తీస్తుండగా పందిరి దగ్గరికి వెళ్లి, తీగలో ఇంకా కాస్త పచ్చగా ఉన్న చోట సుతిలితో ఆ కాయను కట్టాను. దూరం నుంచి చూసుకున్నాను. బాగానే ఉందనిపించింది. మా తాత ముత్యంరావు పటేల్ మనవడిని, నేను చేసిన పని అది.

తెల్లవారి ఆమె కేక వినపడింది.

"పటేలా! ఇట్ల రా."

వెళ్లాను.

"మన తీగె సుతిలితోని కాయలు కాస్తున్నది. గిది నేను పుట్టి సూడలె."

ఆమె కాయను తిప్పింది. "సూడు, నలుగురి గోర్లు గిచ్చినయి దీన్ని, లేతదా ముదురుదా అని. మన కాయకు గోరు తాకనిస్తనా నేను?"

"అన్న వస్తున్నడు అవ్వా. మాట ఇచ్చిన."

"మాట అన్నకిచ్చినవు. పెట్టేది మీ తాతకు. ఒక్క ముద్ద నోట్లె పెట్టుకుంటే ఎరుకపడ్తది ఆయినకు, గిది ఏ లారీ మీద వచ్చిందో."

సుతిలి ముడి విప్పింది. కాయను నా చేతిలో పెట్టింది. దాన్ని పట్టుకుని నిలబడినంత సిగ్గుగా నేను మరెప్పుడూ నిలబడలేదు. పెద్దిల్లు ఇక బాల్కొండేనని అనుకున్నాను.

"తొమ్మిదోది ఉన్నది," అంది ఆమె. "రా."

బావి దగ్గరికి తీసుకెళ్లింది. గట్టు చుట్టూ నేలకు అంటుకుని, ఎర్రటి కాడలతో, వాన నీళ్లు తాగి బలిసిన గంగవాయిలి కూర. అన్నేళ్లలో దొడ్డిలో ప్రతి గడ్డిపోచనూ పీకిన మనిషి ఆ ఒక్క పట్టీని ఎందుకు ముట్టుకోలేదో నేను ఎన్నడూ అడగలేదు.

"ఇది కలుపు," అన్నాను.

"ఎవ్వలన్నరు?"

"అందరూ అంటరు."

"మీ తాత అన్నడా?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె గట్టు మీద కూర్చుంది.

"మోట బాయి కాడ నన్ను గన్న మా అవ్వ సద్దిమూట ఇప్పంగనే వచ్చి కూసుంటుండె మీ తాత. 'ఏం దెచ్చినవే?' అంటుండె. జొన్నరొట్టె, గంగవాయిలి పప్పు అంటే ఇగ లేస్తుండెనా! వానకాలమంత గదే పని. మీ నాయనమ్మకు చెప్పొద్దని మా అవ్వతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

"నువ్వు చెప్తున్నవు కదా ఇప్పుడు?"

"ఒట్టు మా అవ్వది. నాది గాదు."

మూడు ఊళ్ల మాలీ పటేల్ కొడుకు, కూలి మనిషి సద్దిలో చెయ్యి పెట్టి తిన్నాడన్న మాట ఇంకెవరైనా అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆమె నోట విన్నప్పుడు మాత్రం, గట్టు మీద మా తాత చొక్కా చేతులు మడిచి కూర్చున్నట్టే కనిపించింది.

తొమ్మిది గంటలకు అన్న కారు వచ్చింది. తెల్ల పైజామా మన్ను అంటకుండా పైకి పట్టుకుని దొడ్డంతా తిరిగాడు. ఒక్కొక్క మొక్క ముందూ ఒక్కొక్క వేలు మడిచాడు. ఎండిన సొర పందిరి ముందు ఆగాడు.

"గిది సచ్చిపాయె కదా తమ్మీ."

"పోయింది."

"మరి తొమ్మిదోది?"

బావి గట్టు చూపించాను. వంగి చూసి నవ్వాడు. "గంగవాయిలా? పెద్దలకు కలుపు పెడ్తవా? మా బర్రెలు తింటయి గిది."

"బర్రెలకున్న తెలివి అందరికెక్కడిది అయ్యా," అంది అవ్వ.

అన్న మొహం ఎర్రబడింది. నేను ముందుకు వచ్చాను. "అన్నా, సొంత మన్నుల పండాలె, పెద్దోడు చెట్టు మీద చూడాలె. ఇదీ మన నియమం. ఈ మన్ను మనది, చూసింది నువ్వు. ఎవరో నాటాలని ఎక్కడా లేదు. ఇంకో మాట, ఇది తాత తిన్న కూర."

"తాతనా? ఎవ్వలు చెప్పిన్రు?"

"తిని నువ్వే చెప్పు. ఇది తొమ్మిదోది కాదని నీకనిపిస్తే విస్తరి ముందే అను. వచ్చే ఏడు బాల్కొండకు మేమే వస్తం."

"సరే," అని అన్న కోపంగా వంకాయ మొక్క మీదికి వంగి కాయ పట్టుకున్నాడు.

"ఆగు," అంది అవ్వ. "పొయ్యి ముట్టలె."

"ఏంది?"

"పొయ్యి ముట్టినంకనే తెంపాలె. పట్టుకుంటే పట్టుకో గని, తెంపకు."

బాల్కొండలో నలభై మంది పనివాళ్లకు హుకుం వేసే మనిషి, బురదలో నడుం వంచి, వంకాయ పట్టుకుని ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో ఆయన కూడా చెప్పలేడు. ఆమె గొంతు అట్లాంటిది. లోపలి నుంచి నా భార్య "ముట్టింది అవ్వా!" అనేదాకా ఆయన నడుం ఎత్తలేదు.

ఇక ఆ రెండు గంటలు దొడ్డికీ వంటింటికీ మధ్య ఆమె నడిచిన తీరు నాకిప్పుడు కూడా కళ్ల ముందుంది. ఉడకడానికి ఆలస్యమయ్యేవి ముందు. చామగడ్డలు తవ్వి, కడిగి, మన్ను వాసన పోకముందే గంజులో వేసింది. తర్వాత గుమ్మడి. ఆ తర్వాత చిక్కుడు, గోరుచిక్కుడు. వంకాయ నూనె కాగాక. ఎనిమిదింటిలో బెండ అన్నిటికన్నా వెనుక. లోపలి చప్పుడును బట్టే దొడ్డిలోంచి చెప్పేది: "మూత తియ్యి బిడ్డా, బీరకాయ నీళ్లు ఇడిసింది." చివరికి గంగవాయిలి. కుక్కర్లో పప్పు మెత్తబడ్డాక అప్పుడు గిల్లింది. చింతపండు కొంచెమే వేయించింది. "దాని పులుపు దానికున్నది. మనది మీద రుద్దొద్దు," అంది. ఎండుమిర్చి, ఎల్లిగడ్డ పోపు పడగానే ఇల్లంతా ఆ వాసనే.

మోదుగ విస్తరిలో తొమ్మిది కూరలు పెట్టి గంగారావు పటేల్, ముత్యంరావు పటేల్, భూంరావు పటేల్ పేర్లు చెప్పి నీళ్లు వదిలాను. మేడ మీద కాకుల ముద్ద పెట్టి వచ్చాం. తర్వాత మేం కూర్చున్నాం.

అన్న గుమ్మడి తిన్నాడు, వంకాయ తిన్నాడు, చామగడ్డ మారు వేయించుకున్నాడు. పప్పు మాత్రం విస్తరి చివర అట్లాగే ఉంది. అవ్వ వంటింటి గడప మీద కూర్చుని ఆ పప్పు వైపే చూస్తోంది. చివరికి అన్నంలో కొద్దిగా కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"తాత దస్తీ," అన్నాడు.

"ఏందన్నా?"

"బాయి కాడికెల్లి వచ్చి తాత నన్ను ఒళ్లె కూసుండవెట్టుకుంటుండె. దస్తీతోని నా మూతి తుడుస్తుండె. ఆ దస్తీ గిదే వాసన, గీ పులుపు వాసన. మా అమ్మ అడుగుతుండె, 'ఏం తినొచ్చినవు మామా' అని. ఏం లేదంటుండె." విస్తరి ముందుకు జరిపాడు. "ఇంకింత పెట్టుమను."

మూడుసార్లు పెట్టించుకున్నాడు. లేచేటప్పుడు గడప దగ్గర ఆగి, "అవ్వా, తొమ్మిదోదే గిది," అన్నాడు. ఆమె తల ఊపింది, అంతే. బాల్కొండ మాట ఆ తర్వాత ఆయన నోట ఎన్నడూ రాలేదు.

కారు వెళ్లిపోయాక ఆమె పళ్లెం పట్టుకుని బావి దగ్గరికి వెళ్లింది. గట్టు పక్కన మొదటి ముద్ద పెట్టి, "తిను, నీదే," అంది. నన్ను చూసి అడిగింది.

"సుతిలి కాయ ఏం జేసినవు?"

"పక్కింటివాళ్లకిచ్చిన."

"మంచిగ జేసినవు. సుతిలి మాత్రం పారెయ్యకు. చిక్కుడు పందిరికి పనికొస్తది."

ఆ తర్వాత ఇంకో నాలుగు పెత్రమాసలు ఆమె చేతి మీదుగానే జరిగాయి. నాలుగింట్లోనూ సొరకాయ పుష్కలంగా కాసింది. అయినా గంగవాయిలి లేకుండా విస్తరి వేయనివ్వలేదు అన్న. విస్తరిలో పది కూరలయ్యాయి.

చిక్కుడు విరగకాసే చలికాలంలో ఒక పొద్దున పొయ్యి వెలిగిందని కేక వినగానే పందిరి దగ్గరికి వెళ్లి ఒళ్లో నిండా కాయలు తెంపింది. నా భార్య చేతికిచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది. కూర దించి పిలిచేసరికి ప్రాణం లేదు. ఆ కూర ఆ రోజు ఎవరం తినలేదు. నేనే ఒక ముద్ద తీసుకుని వెళ్లి పందిరి మొదట్లో పెట్టాను. ఆమె మాట నా నోట రావడానికి కొంచెం సేపు పట్టింది. వచ్చింది.

ఇప్పుడు మేం అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటున్నాం. ఇంటాయన మేడ మీద చోటిచ్చాడు. బావి గట్టు నుంచి తవ్వి తెచ్చుకున్న మన్ను అక్కడ నలభై రెండు సంచుల్లో ఉంది. గుడ్డ ముడుల విత్తనాలు ఒక్క రకం కూడా తప్పిపోలేదు. గంగవాయిలిని నేను నాటలేదు, మన్నుతో పాటే వచ్చి మొదటి వానకే ప్రతి సంచిలోనూ మొలిచింది. మొన్న పెత్రమాసకు అన్న మోకాళ్లు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి వచ్చాడు. పదీ చూశాడు. వంకాయ మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి, తనే అడిగాడు: "పొయ్యి ముట్టిందా?"

కింది నుంచి నా భార్య ముట్టిందని కేక వేసింది. అప్పుడు తెంపాడు.

కోర్టు ఇల్లు, మూడు గుంటల దొడ్డి, బావి, మూడూ కలిపి ఒకే దస్తావేజు మీద, ఆమె పోయిన మరుసటి ఏడు అమ్మాను.